ఔసాబుల్‌లో ఒక తప్పటడుగు

విద్యార్థి సంఘం కార్యదర్శి ఫోను చేసి, "సార్, ఈ యేటి సావనీరుకి మీరొక వ్యాసం వ్రాసి తీరాలి" అన్నాడు. నేను పూర్వ విద్యార్థిననీ, ముప్ఫయ్యేళ్ళు అమెరికాలో ఉండి వచ్చాననీ ఎవరో చెప్పారట. "దేని గురించి వ్రాయమంటావు బాబూ?" అంటే, "మీ ఇష్టం సార్. మావాళ్ళకి కాస్త ఉత్సాహంగా ఉండాలి" అన్నాడు. అక్కడే వచ్చింది చిక్కు. నా జీవితంలో నలుగురూ అనుసరించదగ్గవి వెతికితే అర పేజీ నిండదు. చేసిన పొరపాట్లయితే సావనీరు మొత్తం నాకే ఇచ్చెయ్యాలి. అందులోంచి ఒకటి ఏరుకున్నాను. అది చేపలకు సంబంధించినది. ఆదివారం మెస్సులో చేపల పులుసు కోసం అందరికంటె ముందు కంచం పట్టుకుని నిలబడినవాణ్ణి గనుక, ఆ మాత్రం అధికారం నాకుందనే అనుకుంటాను.

మాది కోనసీమలో ఒక లంక ఊరు. పంట కాలువ మా పెరటి వెనకనుంచే పోయేది. ఏడెనిమిదేళ్ళ వయసుకే ఒక వెదురు కర్ర, బారెడు దారం, జీలుగు బెండు ముక్క, ఒక గాలం నా సొంత ఆస్తి. అరటి మొదళ్ళలో తవ్వితే ఎర్రలు కావలసినన్ని. ఎర్రను గాలానికి గుచ్చి నీళ్ళలో వదలడం, బెండు మునిగేదాకా గట్టున ఊపిరి బిగబట్టి కూర్చోవడం, మునగ్గానే కర్ర పైకి గుంజడం. జెల్లలు పడేవి, మట్టగిడసలు పడేవి, అప్పుడప్పుడూ అడుగున ఇసుకలో నక్కి ఉండే ఇసుకదొందులు పడేవి. పడిన చేప ఇంటికి రావలసిందే, దాకలోకి పోవలసిందే. చిన్నది గదా అని వదిలేసి వస్తే మా నాయనమ్మ, "దేవుడిచ్చినదాన్ని కాలువలో పారబోసి వచ్చావా?" అని కేకలేసేది. అలా పెరిగినవాణ్ణి, పట్టిన చేపను పసిపిల్లలా రెండు చేతులతో ఎత్తి మళ్ళీ నీళ్ళలోకి వదిలిపెట్టే మనుషుల మధ్యకు పోయి పడ్డాను.

నేను ఉద్యోగం చేసింది మిషిగన్ రాష్ట్రంలో. ఆఫీసులో నా పక్క గది మిత్రుడి తండ్రి బడిపంతులుగా రిటైరై గ్రేలింగ్ అనే చిన్న ఊళ్ళో ఉండేవారు. ఓ సెలవు రోజున మిత్రుడితో వెళ్ళి పరిచయం చేసుకున్నాను. నాకు చిన్నప్పుడు గాలం అలవాటుందని తెలిసి, ఆ ముసలాయన నన్ను వదల్లేదు. "సర్" అంటే చిరాకు పడేవారు, పేరుపెట్టి పిలవమనేవారు. తండ్రి వయసు మనిషిని పేరుపెట్టి పిలవడం నా నోటికి ఎంతకీ రాలేదు. చివరికి ఏ పిలుపూ లేకుండానే పదేళ్ళు నెట్టుకొచ్చాం. ఇక్కడ పెద్దాయన అంటాను.

గ్రేలింగ్ ఊరిని ఆనుకుని ఔసాబుల్ అనే నది పారుతుంది. అది ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరు, ఇసుక నది అని అర్థం. మన గోదావరి ముందు అది నది అనిపించుకోదు. చాలా చోట్ల ఇటు ఒడ్డునుంచి అటు ఒడ్డుకి మోకాటి లోతులో నడిచిపోవచ్చు. కాని నీళ్ళు! అడుగున గులకరాయి మీది మచ్చ కూడా కనిపిస్తుంది. హిమయుగం వదిలి వెళ్ళిన ఇసుక మేటల్లో ఇంకిన వాన, మంచు, ఊటలై ఈ నదిలోకి చేరుతుంటాయి. అందుకే అది ఎండాకాలంలో వేడెక్కదు, నడి చలికాలంలోనూ సులువుగా గడ్డకట్టదు. తూర్పుగా పోయిపోయి హ్యూరాన్ అనే పెద్ద సరస్సులో కలుస్తుంది.

ఊరి పేరు గ్రేలింగ్ అన్నాను గదా, అది ఒక చేప పేరు. వెన్నుమీద తెరచాపలాంటి రెక్కతో ఉండే ఆ చేప ఒకప్పుడు ఈ నదినిండా ఉండేదిట. 19వ శతాబ్దం చివర మిషిగన్‌లోని తెల్ల పైన్ అడవుల్ని నరికి, దుంగల్ని నదులమీద తేల్చుకుపోయారు. ఆ దుంగలు నది అడుగును దున్నేశాయి, చెట్లు పోయిన గట్లు కూలి ఇసుక నదిలోకి దిగింది. దానికి తోడు రైళ్ళలో వచ్చిన వేటగాళ్ళు బుట్టలకొద్దీ పట్టుకుపోయారు, బయటినుంచి తెచ్చి వదిలిన ట్రౌట్లు దాని చోటు ఆక్రమించాయి. 1930ల నాటికి మిషిగన్‌లో గ్రేలింగ్ చేప అంతరించింది. పేరు మాత్రం ఊరికి మిగిలింది. "మా ఊరి బోర్డు చూసినప్పుడల్లా నాకది సమాధి రాయిలా కనిపిస్తుంది" అనేవారు పెద్దాయన. 1959లో ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే నదుల సంరక్షణ సంఘం పుట్టింది కూడా ఈ నది ఒడ్డునే.

ఇప్పుడు అక్కడ రాజ్యం ఏలుతున్న వాటిల్లో పెద్దది బ్రౌన్ ట్రౌట్. అదీ నాలాగే వలసవచ్చిన జీవమే. 1883లో జర్మనీనుంచి వాన్ బేర్ అనే ప్రభువు దాని గుడ్లను న్యూయార్కులోని ఫ్రెడ్ మాథర్ అనే ఆయనకు ఓడలో పంపాడు. మరుసటి యేడు, 1884 ఏప్రిల్‌లో, ఆ పిల్లల్ని మిషిగన్‌లోనే ఒక వాగులో వదిలారు. మొదట్లో అక్కడివాళ్ళకిది నచ్చలేదు. గడుసుది, అంత సులువుగా గాలానికి చిక్కదు. ఆ తరవాత అందుకే దానిమీద మోజు పెరిగింది.

ఇక వాళ్ళ గాలం సంగతి. ఫ్లై ఫిషింగ్ అంటారు. ఫ్లై అంటే ఈగ. కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు, దారాలు చుట్టి పురుగులా తయారుచేస్తారు. దానికి బరువు ఉండదు. మన గాలం వేసినట్టు విసిరితే రెండు బారల దూరం కూడా పోదు. అందుకని బరువంతా దారంలోనే పెట్టారు. సుమారు 90 అడుగుల పొడవు, ప్లాస్టిక్ పూత పూసిన లావుపాటి దారం. కర్రతో ఆ దారాన్ని వెనక్కీ ముందుకీ గాలిలో ఆడించి, కొరడాలా సాచి వదిలితే, కొసన కట్టిన ఈగ దాంతోపాటు పోయి వాలుతుంది. చెప్పడానికి ఇంతే. నేర్చుకోవడానికి నాకు రెండు వేసవులు పట్టింది. ఈలోగా నా టోపీని, పెద్దాయన చెవిని, ఒడ్డున సీడరు చెట్లను లెక్కలేనన్నిసార్లు పట్టాను.

వేసవిలో నీటిమీద తేలే పురుగులుంటాయి గనుక తేలే ఈగ వేస్తారు. అక్టోబరు దాటితే పురుగులు దాదాపు ఉండవు. అప్పుడు స్ట్రీమరు బయటికి తీస్తారు. పేరుకి అదీ ఫ్లైయే గాని, ఈగకూ దానికీ పోలిక లేదు. అది చిన్న చేప బొమ్మ. వేలెడు పొడవు కొక్కేనికి కోడి ఈక, జింక వెంట్రుక, టర్కీకోడి నూగు కట్టి, నీళ్ళలో తడిసి లాగినప్పుడు ప్రాణమున్న పరిగెలా ఒళ్ళు తిప్పేటట్టు చేస్తారు. డాన్ గాపెన్ అనే ఆయన 1930లలో కెనడాలోని నిపిగన్ నది దగ్గర కట్టిన మడ్లర్ మినో అనే స్ట్రీమరు చాలా ప్రసిద్ధం. అది అనుకరించేది స్కల్పిన్ అనే చేపను. పెద్ద తల, సన్నటి ఒళ్ళు, అడుగున రాళ్ళ సందుల్లో నక్కి ఉండే తత్త్వం. మొదటిసారి చూడగానే "ఇది మా ఇసుకదొందు గదా!" అన్నాను తెలుగులోనే. పెన్సిల్వేనియాలో రసెల్ బ్లెసింగ్ 1967లో కట్టిన వూలీ బగ్గర్ ఇంకొకటి. అది చూడ్డానికి సీసాలు కడిగే బ్రష్షులా ఉంటుంది. చేపలకు ఎందుకంత ఇష్టమో వాటినే అడగాలి.

స్ట్రీమరును ఒడ్డు వారకు, పడిపోయిన దుంగల కిందికి విసరాలి. వెంటనే ఎడమ చేత్తో దారం గుంజాలి, ఆపాలి, మళ్ళీ గుంజాలి. దెబ్బతిన్న చేప పారిపోతున్నట్టు అగుపించాలన్నమాట. ఆ ఆపిన క్షణంలోనే ట్రౌటు వచ్చి కొడుతుంది. కొట్టినప్పుడు కర్ర ఎత్తకూడదు, చేత్తో దారమే గట్టిగా లాగాలి. ఇక్కడ కోనసీమ విద్య నాకు శత్రువై కూచుంది. చేతికి తగిలిందా, కర్ర తనంతట తానే పైకి లేచేది! మొదటి సంవత్సరం అలా పోగొట్టుకున్న చేపలు డజనుకి తక్కువుండవు. ప్రతిసారీ పెద్దాయన ఆకాశంకేసి చూసి, "అక్కడ చేపలు లేవు" అనేవారు.

ఆఖరు శరత్తులో స్ట్రీమరుకి పెద్ద చేపలు పడతాయని చెప్పడానికి కారణం పురుగులు లేకపోవడం ఒక్కటే కాదు. ముదిరిన బ్రౌన్ ట్రౌట్ ఎలాగూ పురుగులతో సరిపెట్టుకోదు, తోటి చేపల్నే మింగుతుంది. పైగా అక్టోబరు, నవంబరు నెలలు అది గుడ్లు పెట్టే కాలం. లోతుల్లో దాక్కుని రాత్రిపూటే తిరిగే దొంగలాంటి చేప, ఆ రోజుల్లో పట్టపగలే పైకి ఎగబాకుతుంది. మగవాటి ఒంటిమీద బంగారు, నారింజ రంగులు పొంగుతాయి, కింది దవడ కొక్కెంలా వంగుతుంది. తన చోటులోకి వేలెడు చేప వచ్చినా సహించదు. ఆకలితో కొడుతుందో కోపంతో కొడుతుందో గాని, కొడుతుంది. స్ట్రీమరు వేసేవాడు కనిపెట్టుకుని ఉండేది దీనికే. ఈ ముక్క నాకు మొదటినుంచీ తెలుసు. తెలిసినదాని రెండో సగం ఆలోచించలేదు.

అసలు కథకి ముందు ఒక పిట్టకథ చెప్పాలి. 2011 నవంబరులో ఒక శుక్రవారం రాత్రి పెద్దాయన ఇంట్లో కూర్చున్నాం. పొయ్యిలో పైన్ కట్టెలు మండుతున్నాయి. ఆయన ఒక పాత చెక్క డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇందులో మీ దేశానిది ఒకటుంది, కనిపెట్టు" అన్నారు. లోపల గ్రే ఘోస్ట్ అనే పాతకాలపు స్ట్రీమరు ఉంది. మెయిన్ రాష్ట్రంలో కారీ స్టీవెన్స్ అనే ఆవిడ 1920లలో రూపొందించినది. బూడిదరంగు ఈకల ఒళ్ళు, తలకి ఇరువైపులా నల్లటి ఈకమీద మైనం చుక్కలా మెరిసే తెల్ల, పసుపు మచ్చలు. చేప కన్నులా ఉంది. ఆ మచ్చలు మన అడవికోడి మెడమీదివి! మన దేశంలో తప్ప మరెక్కడా లేని పక్షి. శేషాచలం కొండల్లో మన క్లాసు టూరు వెళ్ళినప్పుడు తెల్లవారుజామున దాని కూత విన్నాం, మాస్టారు చూపించేలోపున పొదల్లోకి పోయింది. ఒకప్పుడు మన దేశంనుంచి వాటి తోళ్ళు కట్టలకొద్దీ ఓడలెక్కిపోయేవి. తరవాత మన ప్రభుత్వం ఎగుమతి నిషేధించింది. ఇప్పుడు కావలసినవాళ్ళు విదేశాల్లో పెంచిన కోళ్ళ ఈకలే వాడుకుంటున్నారు. పెద్దాయన దగ్గరున్నది వాళ్ళ నాన్నగారి కాలంది. ఎక్కడి శేషాచలం, ఎక్కడి గ్రేలింగ్! ఆ రాత్రి నేను కాస్త గర్వంగానే నిద్రపోయాను.

తెల్లవారి శనివారం. నవంబరు 15న మిషిగన్‌లో తుపాకులతో జింకల వేట మొదలవుతుంది. ఆ మూడు రోజుల ముందునుంచే అడవంతా సందడి. పెద్దాయన నా నెత్తిన కాషాయరంగు టోపీ పెట్టి, "నిన్ను జింక అనుకునేవాడు ఉండడు గాని, ఉంటే?" అన్నారు. బయట చలి సున్నాకి రెండు మూడు డిగ్రీలు కిందికే ఉంటుంది. కర్రకున్న రింగుల్లో దారం తడి గడ్డకట్టి, ప్రతి పది విసుర్లకీ వేళ్ళతో చిదపవలసి వచ్చేది.

ఆ నదిమీద వాడే పడవ ప్రత్యేకమైనది. పొడుగ్గా, సన్నగా, అడుగు చదునుగా, అచ్చం మన దోనెలా ఉంటుంది. దుంగలు తేల్చిన కాలంనుంచీ వస్తున్న వాటం. వెనక కూర్చుని గెడ వేస్తారు. వేగం తగ్గించడానికి వెనకనుంచి ఇనప గొలుసు నది అడుగున ఈడుస్తారు. ఆ గొలుసు చప్పుడు వింటూ ముందు కూర్చుని విసరడం నా పని. ఎందుకోగాని ఆ రోజు పెద్దాయన కొన్ని చోట్ల గొలుసు పైకి లాగేసి, కష్టపడి గెడతోనే పడవను పక్కకి తప్పించి, మళ్ళీ వదిలేవారు. ముసలితనం, చేతులు ఊరుకోవు కాబోలు అనుకున్నాను.

బర్టన్స్ లాండింగ్ అనే రేవునుంచి కిందికి ఎనిమిది మైళ్ళ పైచిలుకు నదిని అక్కడివాళ్ళు హోలీ వాటర్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే తీర్థం. అందులో ఫ్లైతో తప్ప మరో ఎరతో పట్టకూడదు, పట్టింది వదిలెయ్యాలి. ఏడాది పొడుగునా గాలం వెయ్యనిస్తారు. రెండు గంటలు ఏమీ లేదు. తరవాత ఒక వంపులో, సగం మునిగిన సీడరు దుంగ పక్కన, నల్లటి లోతు. స్ట్రీమరు దుంగకి జానెడు దూరంలో పడింది. గుంజాను, ఆపాను. గుంజాను, ఆపాను. దుంగ కిందనుంచి ఒక పొడుగాటి నీడ విడివడి వచ్చింది. తొందరలేదు దానికి. స్ట్రీమరు వెనకాలే, దాన్ని చదువుతున్నట్టు, పడవకి ఆరడుగుల దాకా వచ్చింది. నా గుండె చప్పుడు పడవకి వినిపించి ఉంటుంది. వెనకనుంచి పెద్దాయన గొంతు, "ఆపకు" అంది. గట్టిగా ఒక గుంజు గుంజాను. నీళ్ళు పగిలాయి.

అప్పుడు కర్ర ఎత్తలేదు సుమా! చేత్తోనే లాగాను. చేతిలోకి వచ్చేసరికి అయిదారు నిమిషాలు పట్టిందేమో, నాకు ఒక పీరియడంత అనిపించింది. మగది. సుమారు 45 సెంటీమీటర్లు. వంగిన దవడ, పొట్టకింద పండిన మామిడిపండు రంగు, ప్రక్కల ఎర్ర చుక్కలు, వాటిచుట్టూ లేత నీలి వలయాలు. పెద్దాయన వల ఎత్తనివ్వలేదు, నీళ్ళలోనే ఉంచమన్నారు. కొక్కెం తీసి, తోక మొదలు పట్టుకుని, ప్రవాహానికి ఎదురుగా నిలబెట్టాను. మంచులాంటి నీళ్ళలో చేతులు కొంకర్లు పోతున్నాయి. అది రెండుసార్లు మొప్పలు తెరిచి మూసి, నా వేళ్ళు తోసుకుని వెళ్ళిపోయింది. ఇంటికి తీసుకువెళ్ళకుండా ఒక చేప ఇంత సంతోషం ఇస్తుందని మా నాయనమ్మకి చెప్పినా నమ్మదు.

ఆ సంతోషంలోనే జరిగింది. ఓ అర మైలు పోయాక స్ట్రీమరు అవతలి వైపు దుంగకి తగులుకుంది. పెద్దాయన గెడ అదిమి పడవను ఆపి ఏదో చెప్పబోతున్నారు. నేను వినలేదు. "నేను తెస్తా" అని దిగిపోయాను. మోకాటి లోతు, జారుడు రాళ్ళు. నది అడుగంతా నాచుతో గోధుమరంగుగా ఉంది, ఒక్కచోట మాత్రం నులకమంచమంత మేర గులకరాళ్ళు కడిగి పరిచినట్టు తెల్లగా మెరుస్తున్నాయి. కాలు జారకుండా గట్టిగా ఉంటుందనిపించి సరాసరి దానిమీదుగా నడిచాను. మడమ దిగబడింది. రెండు నీడలు నా కాళ్ళపక్కనుంచి బాణాల్లా పోయాయి. "చేపలు!" అని అరిచాను ఉత్సాహంగా.

"ఆగు. కదలకు" అన్నారు పెద్దాయన. ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. "అటే ఒడ్డుకి పో. వచ్చిన దారిన రాకు."

మళ్ళీ పడవెక్కాక గంటసేపు ఆయన మాట్లాడలేదు. కోపపడి తిడితే బాగుండుననిపించింది. మధ్యాహ్నం పడవ ఒడ్డుకి చేర్చి, ఫ్లాస్కులోని కాఫీ మూతలో పోసి నాకిచ్చాక చెప్పారు. ఆ తెల్లటి మేర ట్రౌటు గూడు. ఆడది పక్కకి పడుకుని తోకతో గులకరాళ్ళను కొట్టి గుంట చేస్తుంది. ఆ కొట్టడంలోనే నాచు పోయి రాళ్ళు తెల్లబడతాయి. అందులో గుడ్లు పెడుతుంది, మగది వచ్చి కలుస్తుంది, ఆపైన కాస్త ఎగువన మళ్ళీ తవ్వి ఆ రాళ్ళతో గుడ్లను కప్పేస్తుంది. కిలో బరువు చేపకి పదిహేను వందలనుంచి రెండు వేల గుడ్లుంటాయి. రాళ్ళ సందుల్లోంచి పారే నీరే వాటికి ఊపిరి. చలికాలమంతా అలా ఉండి, చలి తగ్గేవేళకి పిల్లలు పుడతాయి, వసంతందాకా రాళ్ళ మధ్యనే ఉంటాయి. పొద్దుటినుంచీ ఆయన గొలుసు ఎత్తింది ఈ గూళ్ళ దగ్గరే.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇంకా సిగ్గుచేటు ఏమంటే, నేను బి.యస్‌సి. చదివింది ఈ కాలేజీలోనే, జువాలజీ మెయిన్. చేపల వలసలు, సంతాన రక్షణ అనే ప్రశ్నకి నాలుగు పేజీల జవాబు వ్రాసి పదికి ఎనిమిది మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. గుడ్లు పెట్టడానికి నదులకి ఎదురీదే సాల్మన్ జాతి చేపల బొమ్మ కూడా వేశాను. గులకరాళ్ళలో గుంట చేస్తుందని వ్రాశాను కూడా. ఫార్మలిన్ వాసన మధ్య సొర్రచేపను కోసి నరాలు చూపించిన వేళ్ళే ఇవి. ఆ గుంట కాలికింద ఎలా ఉంటుందో మాత్రం పుస్తకంలో లేదు. ఉన్నా నేను చూసి ఉండను; అది పరీక్షకి వచ్చే ప్రశ్న కాదు.

తరవాత లైబ్రరీలో వెతికితే 1992లో అచ్చయిన మోంటానా పరిశోధన ఒకటి దొరికింది. గుడ్లున్న గులకల మీద మనుషుల్ని నడిపించి చూశారు. మొదటినుంచి చివరిదాకా రోజుకి రెండుసార్లు నడిస్తే నూటికి 83నుంచి 96 దాకా గుడ్లూ పిల్లలూ చచ్చిపోయాయి. పిల్లలు పుట్టబోయే ముందు ఒక్కసారి నడిచినా నూటికి 43 దాకా పోవచ్చు. నేను నడిచింది ఒక్కసారే, గుడ్లు అప్పుడే పెట్టిన రోజుల్లో. లెక్క నాకు అనుకూలంగా వేసుకోవాలని చాలా ప్రయత్నించాను. మడమ దిగబడిన సంగతి గుర్తొచ్చి మానేశాను.

కాఫీ అయ్యాక ఆయన్ని అడిగాను, "మరి ఈ నెలలో మనం అసలు రావడమెందుకు?" అని. ఆయన వెంటనే బదులివ్వలేదు. మూత విదిలించి ఫ్లాస్కుకి బిగించి, "సెప్టెంబరుతో కర్ర మూలపెట్టే స్నేహితులు నాకున్నారు. వాళ్ళని తప్పనను. గులకల మీదున్నవాటి జోలికి నేను పోను, లోతులో ఉన్నవాటికే వేస్తాను. అది చాలుతుందో లేదో నాకూ తెలియదు. అయినా నవంబరు వచ్చేసరికి ఇంట్లో కూర్చోలేను" అన్నారు. బడిపంతులై ఉండీ తెలియదని ఒప్పుకున్నారు. నేను ఆ పొద్దు పట్టుకున్న మగచేప కూడా ఆ సాయంత్రమో మర్నాడో ఏదో గులక మేటకి ప్రయాణమైనదే అయ్యుంటుంది. దాని దారికి అడ్డం పడినందుకే గదా నాకంత సంతోషం కలిగింది!

ఆ తరవాత ఆరేడు నవంబర్లు ఆయనతో వెళ్ళాను. తెల్లటి గులక కనిపిస్తే ఇద్దరం ఒకేసారి "అదుగో" అనేవాళ్ళం, గొలుసు ఎత్తేవాళ్ళం. నేను గెడ వెయ్యడం కూడా నేర్చుకున్నాను, లంకవాడి రక్తం గదా. పెద్దాయన పోయిన యేడు కొడుకు ఆ గ్రే ఘోస్ట్ నాకు పంపించాడు. ఇప్పుడు రాజమండ్రిలో నా బీరువాలో ఉంది.

ఉద్యోగం విరమించి వచ్చిన సంవత్సరం, శ్రావణంలో, మా బాబాయి కబురు పెట్టాడు, "ఒరే అబ్బాయ్, పులస దొరికింది, రా" అని. ఎనభై దాటినవాడు. పులస ధర ఇప్పుడు వేలల్లో ఉంది, పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత మావైపు హాస్యానికి కూడా అనలేని రోజులొచ్చాయి. వాకిట్లోనే చేపను చూపించాడు. వెండిలా మెరుస్తోంది, కడుపు నిండా జన. జన ఉన్నదానికి ఇంకా గిరాకీ.

నేను ఏమీ అనకూడదనే అనుకున్నాను. పిన్ని ఆవకాయ నూనె, బెండకాయలు సిద్ధం చేస్తుంటే, గట్టుమీద కూర్చుని మెల్లిగా ఔసాబుల్ కథ చెప్పాను. బాబాయి చెవికి చెయ్యి ఆనించుకుని అంతా విన్నాడు.

"అయితే, పట్టి వదిలేస్తారన్నమాట" అన్నాడు. "కొక్కెం గుచ్చి, నోరు చింపి, ఆడించి, పొమ్మంటారు. తినేవాడికి ఆకలి అనే సాకన్నా ఉంది."

దానికి నా దగ్గర జవాబు లేదు. అయినా మొండిగా, "జన ఉన్న చేపని తింటే రేపు చేప ఎక్కణ్ణుంచి వస్తుంది బాబాయ్?" అన్నాను.

"మేం తిన్నది ఎంతరా? సముద్రంలో ఇలసగా ఉన్నప్పుడే మరపడవలు ఊడ్చుకుపోతున్నాయి. తప్పించుకుని ఎర్రనీటికి ఎదురెక్కి పులసైనవి ధవళేశ్వరం దగ్గర ఆనకట్టకి తల కొట్టుకుంటున్నాయి. 1852లో కట్టారు. మా ముత్తాత కాలానికి పైన ఎక్కడిదాకా పోయేవో!" అని ఆగాడు. ఏదో తప్పు మాట అన్నట్టు రెండు చెంపలూ తాకి, "కాటన్ దొరని అనకూడదు. ఆయన పెట్టిన అన్నమే మనం తింటున్నది" అన్నాడు.

మైకులో ఉపన్యాసమైతే నేను గ్రేలింగ్ చేప గురించీ దుంగల గురించీ చెప్పి ఉండేవాణ్ణి. అక్కడ చెప్పలేదు. బాబాయికి తెలియనిదేముంది గనక? ఆయన ఇల్లు, నా చదువు, మా పొలాలు అన్నీ ఆ ఆనకట్ట కింద నీళ్ళవే.

పిన్ని వడ్డించింది. పులుసు ముందురోజు రాత్రి కాచినది, మర్నాటికి గాని రుచి రాదు. బాబాయి తన కంచంలోంచి జన ముక్క తీసి నా అన్నంమీద వేశాడు, చిన్నప్పుడు వేసినట్టే. వేసి నా మొహంకేసి చూశాడు. గుప్పెడు గుడ్లు. ఎన్ని లక్షలుంటాయో.

"తినరా" అన్నాడు.

తిన్నాను. చాలా బాగుంది.